సింగమ్మకు ఎదురు తోచని రోజు

ఏ దిక్కున ఉండేదో ఇప్పుడెవరూ చెప్పలేని ఒకానొక రాజ్యంలో, కుంభగిరి అనే కోటలో, ఉత్తుంగ భూపతి అనే రాజు ఉండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే తన నోటి నుంచి ఏది వచ్చినా అది శాసనం కావలసినంత గొప్పదని ఆయనకు గట్టి నమ్మకం. పెరుగు పుల్లగా ఉంటే ఆవులకు శాసనం. ఎండ ముదిరితే సూర్యుడికి శాసనం.

ఆ రాజ్యంలో ఒక వింత ఆచారం ఉండేది. ఉత్తుంగ భూపతి తాతగారు ఒకనాడు కులాసాగా ఉండి, పట్టపుటేనుగుకు ఈత నేర్పాలన్నారు. అదీ కోటలోని మంచినీళ్ళ బావిలో. సభలో ఉన్నవాళ్ళందరూ "చిత్తం మహాప్రభో" అన్నారు. ఏనుగు దిగింది. దాన్ని పైకి తీయడానికి బావితో పాటు కోటలో సగం పడగొట్టవలసి వచ్చింది. ఆ దుమ్ములోనే నిలబడి తాతగారు ఒక కట్టడి చేశారు. ఇకమీదట రాజు ఏ ఆజ్ఞ ఇచ్చినా కొలువులో ఒకరు దానికి ఎదురుమాట చెప్పాలి. ఎదురుమాట పడ్డాకే జేగంట మోగాలి. జేగంట మోగితేనే ఆజ్ఞ చెల్లాలి.

ఆలోచన బాగానే ఉంది. మనవడి నాటికి మాత్రం అది ఒట్టి తంతుగా మిగిలింది. రాజు ఆజ్ఞ ఇచ్చేవాడు. ఎదురుమాట కొలువులో ఉన్నవాడు ఆవులిస్తూ "తగదు మహారాజా" అనేవాడు. గంటవాడు టంగుమని కొట్టేవాడు. ఆ ఎదురుమాట ఏమిటో ఎవరూ వినేవారు కాదు, చెప్పినవాడితో సహా.

ఈ కథ నాటికి ఆ కొలువులో ఉన్నది సింగమ్మ. ఇరవై దాటిన పిల్ల. ముందున్న ముసలాయనతో నిండు సభలో వాదించి, గెలిచి, ఆయన పీట మీద కూర్చుంది. ఆమె వాదన అందుకుందంటే వీధిలో గాజులవాడు మలారం దించి, బేరం మానుకుని వినేవాడు. అంతటి నోరు తెచ్చి ఆ పీట మీద పెడితే రోజూ చేసే పని "తగదు మహారాజా" అనడం. నెల తిరక్కుండానే ఆమెకూ ఆవులింతలు మొదలయ్యాయి.

ఇలా ఉండగా, ఆ దేశపు ఓడ వ్యాపారమంతా ఏడురేవుల శ్రేణి అనే వర్తకుల కూటమి చేతిలో ఉండేది. దాని పెద్ద మహాధన శ్రేష్ఠి. ఆయన జీతం నెలకింత అని లేదు. ఏడాదికోసారి కోటలో రాజుగారి ఎదుట త్రాసులో కూర్చుంటాడు. ఎంత తూగితే శ్రేణి అంత వెండి ఇస్తుంది. తూకం రోజు దగ్గర పడితే చాలు, శ్రేష్ఠిగారు పగలు నేతిబూరెలు, రాత్రి పాయసం, మధ్యలో ఆకలి వేయకుండానే పులిహోర. తూకం నాడు తడి కంబళి కప్పుకుని మరీ వచ్చేవాడు. ఎండాకాలం కదా, కంబళి ఎందుకంటే జలుబు అనేవాడు.

ఆయన ఏటేటా బరువెక్కేవాడు. ఏటేటా శ్రేణి వర్తకులందరూ కట్టకట్టుకుని దర్బారుకు వచ్చి, "మహారాజా, మా పెద్దగారు మళ్ళీ ఒళ్ళు చేశారు. ఆయనకు వెండి తూచాక పన్నుకు మా దగ్గర ఏమీ మిగలడం లేదు. పన్ను తగ్గించకపోతే ఓడలన్నీ విప్పుకుని పక్క రాజ్యం పోతాం" అని ఒకే గొంతుతో అనేవారు. రాజు బెంబేలెత్తి పన్ను తగ్గించేవాడు. ఖజానాలో పడ్డ ఆ గొయ్యి పూడ్చడానికి మంత్రి గుణాకరుడు కోట కొలువులో పనిచేసేవాళ్ళ ధాన్యం జీతంలో కోత పెట్టేవాడు.

అందరికంటే నలిగింది పల్లకీ బోయీలు. తూకం నాడు శ్రేష్ఠిగారిని రేవు నుంచి కోట దాకా రాజుగారితో పాటు రాజపల్లకీలో మోసుకురావాలి. పైన బరువు పెరుగుతోంది. కింద మోసేవాడి కంచంలో మెతుకు తగ్గుతోంది.

ఆ ఏడు బోయీల పెద్ద దాలయ్య దర్బారులోకి వచ్చి దణ్ణం పెట్టాడు.

"ఏలినవారికి మా ఎనిమిది మందీ ఒక మాట అనుకుని విన్నవించుకుంటున్నాం. శ్రేష్ఠిగారిని ఎనిమిది మందిమి మొయ్యలేకపోతున్నాం. ఇంకో నలుగురిని ఇప్పించండి. పోయిన ధాన్యం తిరిగి ఇప్పించండి. భుజం పుండైపోయింది దొరా, చూపించమంటే చూపిస్తాను."

"వద్దు వద్దు, భోజనం వేళ" అన్నాడు రాజు. తర్వాత ఆలోచనలో పడ్డాడు. "ఎనిమిది మందీ ఒక మాట అనుకున్నారా? నన్నడక్కుండా మాట ఎలా అనుకున్నారు?"

మంత్రి వంగి రాజు చెవిలో ఏదో ఊదాడు. రాజు నిటారుగా కూర్చున్నాడు. ఆయన అలా కూర్చున్నాడంటే శాసనం వస్తున్నట్టు లెక్క.

"ఇకమీదట మా కొలువులో పనిచేసేవాళ్ళు ఇద్దరు కలిసి ఒకే కోరిక కోరరాదు, ఒకే మాట మీద నిలవరాదు. ఎవరి గోడు వారే, ఒక్కరొక్కరుగా వచ్చి చెప్పుకోవాలి. పదిమంది తరఫున మాట్లాడినందుకు ఈ దాలయ్యకు దేశబహిష్కారం."

"తగదు మహారాజా" అంది సింగమ్మ. అప్పటికి ఆమె దూలం మీద పావురాన్ని చూస్తోంది.

గంట టంగుమంది.

ఆ చప్పుడుకు ఆమె ఉలిక్కిపడింది. రోజూ వినే చప్పుడే. కాని ఈసారి దాలయ్య తనవైపు చూశాడు. కోపంగా కూడా చూడలేదు. గంట మోగడానికి కారణం ఎవరో చూసుకున్నాడంతే. నిజమే కదా అనుకుంది సింగమ్మ. రాజు ఎంత అరిచినా అది ఒట్టి అరుపే. దానికి ప్రాణం పోసింది తన ఆవులింత.

ఆమె లేచింది. "మహారాజా, మొన్న శ్రేణి వర్తకులందరూ కలిసి వచ్చి ఒకే కోరిక కోరలేదా? లేకపోతే పోతామని బెదిరించలేదా? వాళ్ళకు బహిష్కారం ఏదీ?"

మంత్రి గుణాకరుడు చిరునవ్వు నవ్వాడు. "పెద్దమనుషులు కలిస్తే దాన్ని సభ అంటారమ్మాయీ. బోయీలు కలిస్తే గుంపు అంటారు."

"తేడా ఎలా తెలుస్తుంది?"

"భుజం మీద శాలువా ఉందో, పల్లకీ బొంగు ఉందో చూస్తే తెలుస్తుంది."

"కూర్చో సింగమ్మా" అన్నాడు రాజు. "గంట మోగిపోయింది. ఇప్పుడు వాదించి ఏం లాభం? దాలయ్యా, వెళ్ళేవాడివి ఎలాగూ వెళ్తున్నావు, శ్రేష్ఠిగారి ఊరేగింపు అయ్యాక వెళ్ళు. అడుగుపాట ఎత్తడం నీకే బాగా వచ్చు."

ఆ మధ్యాహ్నం సింగమ్మ పల్లకీల సావడికి వెళ్ళింది. ఎనిమిది మందీ ఎనిమిది మూలలు వెతుక్కుని కూర్చున్నారు. సావడికి ఉన్నవి నాలుగే మూలలు గనక మిగతా నలుగురు స్తంభాల చాటున ఉన్నారు. ఇద్దరు దగ్గరగా కూర్చుంటే ఒకే మాట మీద ఉన్నారంటారేమోనని భయం.

"నీ ఇంటిమీద నేనే గంట కొట్టించాను దాలయ్య మామా" అంది సింగమ్మ.

"నువ్వు కాకపోతే ఇంకొకరు కొట్టించేవారు లేమ్మా. నీ కొలువే అది." దాలయ్య పల్లకీ బొంగుకు నూనె రాస్తున్నాడు. వెళ్ళిపోయేవాడికి అది ఎందుకో మరి. "మా ఆవిడ మూట కడుతోంది. ఏ దేశం పోవాలో ఇంకా అనుకోలేదు. మాకు తెలిసిన దారల్లా రేవు నుంచి కోట దాకానే."

సింగమ్మ సావడంతా ఒకసారి కలయజూసింది. తర్వాత పొడుగుకాళ్ళ ఎర్రప్ప దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, రేపు నువ్వొక్కడివే దర్బారుకు రా. ఏం అడుగుతావు?"

"ధాన్యం."

"అది ఇవ్వరు. రాజుగారికి దమ్మిడీ ఖర్చు లేనిది అడుగు. నీకు నిజంగా కావలసిందే అడుగు, అబద్ధం వద్దు. ఎప్పటినుంచో లోపల ఉండి, నలుగురితో నడవాలి కనక చంపుకున్నది ఏదైనా ఉంటే అది."

ఎర్రప్ప తన కాళ్ళవైపు చూసుకున్నాడు. "ఉందమ్మా ఒకటి."

అలా ఎనిమిది మందినీ విడివిడిగా అడిగింది. శాసనం ప్రకారం ఎవరి మాట ఇంకొకరికి చెప్పలేదు.

మర్నాడు ఒక్కొక్కరే వచ్చారు. "ఏలినవారూ, నాది పొడుగు అంగ. నా అంగ నన్ను వేసుకోనివ్వండి" అన్నాడు ఎర్రప్ప. రాజుకు ముచ్చటేసింది. "ఇంతేనా? ఇచ్చాం."

"తగదు మహారాజా" అని సింగమ్మ పీట మీంచి లేచి మరీ అంది. "పొడుగు అంగలు వేయనిస్తే కొలువులో కట్టుబాటు ఏముంటుంది?" గంట మోగింది. బోయీ మీద జాలిలేని పిల్ల అనుకున్నాడు రాజు.

సూరాయి తనకు మోకాలి నొప్పి కనక మెల్లగా నడవనివ్వమన్నాడు. గంగులు తన కళ్ళు మండుతున్నాయి కనక సూర్యుడికి వీపు పెట్టి నడవనివ్వమన్నాడు. పోలయ్య దాహం వేసినచోట ఆగి మంచినీళ్ళు తాగుతానన్నాడు. అప్పన్నకు అత్తగారితో మాటలు లేవు, ఆవిడ ఇంటి ముందు నుంచి పోకుండా తప్పించమన్నాడు. నూకరాజు మర్యాదస్థుడు. దారిలో తెలిసినవాళ్ళు కనిపిస్తే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టుకోవాలన్నాడు. బైరాగి, ఏ చేతిపని అయినా ఆగి చూడనిదే తన మనసు ముందుకు పోదన్నాడు. రాజు అన్నిటికీ ఇచ్చాం, ఇచ్చాం అన్నాడు. సింగమ్మ అన్నిటికీ నిప్పులు కక్కుతూ ఎదురు చెప్పింది. గంటవాడి చెయ్యి నొప్పెట్టింది.

చివరికి దాలయ్య వచ్చాడు. "నేను పాట ఎత్తితే మిగతావాళ్ళు గొంతు కలుపుతారు. అది ఒకే మాట కింద వస్తుందేమో దొరా. నన్ను పాడమనకండి."

"నిజాయితీపరుడివోయ్. ఇచ్చాం" అన్నాడు రాజు.

గంట మోగింది. మంత్రి చేతులు రుద్దుకున్నాడు. "చూశారా మహారాజా, కట్టగా వస్తే నలుగురు మనుషులూ గాదెడు ధాన్యమూ అడిగారు. విడిగా వస్తే ఎంత చవగ్గా పోయారో."

ఊరేగింపు రోజు వచ్చింది. రేవు దగ్గర మహాధన శ్రేష్ఠి ఓడ దిగాడు. ఆయన దిగాక ఓడ జానెడు పైకి లేచింది. తడి కంబళి నీళ్ళు కారుతుండగా పల్లకీలో రాజుకు ఎదురుగా కూర్చున్నాడు. ఆనవాయితీ ప్రకారం పల్లకీ పక్కన సింగమ్మ, ఆమె వెనక జేగంట పట్టుకుని గంటవాడు, వాడి వెనక మంత్రి.

పల్లకీ లేచింది. రోజూ అయితే దాలయ్య "ఓహోం" అంటాడు, ఏడుగురూ "ఓహోం" అంటారు, పదహారు కాళ్ళు ఒక్క కాలిలా పడతాయి. ఆ వేళ దాలయ్య పెదవి విప్పలేదు.

ముందు కుడివైపు ఎర్రప్ప పొడుగు అంగ వేశాడు. ముందు ఎడమవైపు సూరాయి మెల్లగా నడిచాడు. దాంతో పల్లకీ ఎడమకు తిరిగింది. అటు తిరిగేసరికి గంగులుకు ఎండ మొహాన కొట్టింది. ఆయన తనకున్న వరం ప్రకారం వెనక్కి తిరిగాడు. ఎదురుగా అత్తగారి వీధి కనిపించి అప్పన్న పక్కకు లాగాడు. బొమ్మలు చెక్కేవాడి అంగడి దగ్గర బైరాగి ఆగిపోయాడు. పెద్దబజారులో నూకరాజుకు తెలియని మనిషి లేడు.

"ఏమిటిది? తిన్నగా పోనివ్వండి" అన్నాడు రాజు, పల్లకీ ఒక పక్కకు ఒరుగుతుండగా.

"చాలా సబబైన ఆజ్ఞ మహారాజా" అంది సింగమ్మ.

పల్లకీ పెద్దబజారు నడిబొడ్డున గానుగెద్దులా తిరగడం మొదలుపెట్టింది. జనం మొదటిసారి పూలు చల్లారు. రెండోసారి వస్తే మళ్ళీ చల్లారు. మూడోసారికి పూలమ్మే ఆవిడ ఖాళీ బుట్ట బోర్లించి చూపించింది. "ఈ ఏడు ఎంత దయ, ఎన్నిసార్లు దర్శనమిస్తున్నారో" అని ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆగండి" అని అరిచాడు రాజు. పోలయ్య అప్పటికే ఆగి చెంబెత్తి నీళ్ళు తాగుతున్నాడు. ఆయన్ని ఇరుసు చేసుకుని పల్లకీ ఇంకా జోరుగా తిరిగింది.

"సింగమ్మా, ఆగమన్నాను కదా!"

"ఆగడం మంచిదే మహారాజా."

రాజుకు అప్పుడు తట్టింది. "నువ్వు ఎదురు చెప్పడం లేదు."

"ఏం చెప్పను? మీరు చెప్పేదల్లా బాగుంది."

"ఎదురు చెప్పకపోతే గంట మోగదు. గంట మోగకపోతే నా ఆజ్ఞ చెల్లదు. ఎదురు చెప్పమని ఆజ్ఞాపిస్తున్నాను."

"ఆ ఆజ్ఞ కూడా నాకు నచ్చింది."

గంటవాడు కొయ్యసుత్తి ఎత్తి పట్టుకుని అలాగే తిరుగుతున్నాడు. "నేను చెబుతాను, తగదు మహారాజా" అంటూ మంత్రి ముందుకొచ్చాడు. గంటవాడు తల అడ్డంగా ఊపాడు. "తమరికి ఆ కొలువు లేదు దొరా." అంతలో ఎర్రప్ప అంగలో పల్లకీ బొంగు గిరుక్కున తిరిగి, మంత్రిని గుమ్మడికాయల కుప్పలో కూర్చోబెట్టింది.

లోపల శ్రేష్ఠి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆయన మొహం పచ్చబడింది. తెల్లవారుజాము నుంచి ఆయన తిన్నవి అన్నీ ఒకేసారి లేచి నిలబడ్డాయి.

"మహారాజా" అన్నాడు వేళ్ళ సందుల్లోంచి, "ఏదో ఒకటి ఒప్పుకోండి. నా జీతం గొంతు దాకా వచ్చింది."

రాజు పల్లకీ కమ్మీ పట్టుకుని తల బయటికి పెట్టాడు. "సరే. బోయీలు కలిసి అడగవచ్చు. ఒకే మాట మీద నడవవచ్చు. ఇప్పుడు ఎదురు చెప్పు."

"అయ్యో, ఇది మునుపటికంటే బాగుంది మహారాజా. నాకు ఎదురు తోచేలా ఇంకేదైనా కలిపి చూడండి."

"ఇంకో నలుగురు బోయీలు."

"అదీ బాగుంది."

"పోయిన ధాన్యం తిరిగి ఇస్తాం."

"ఎంత బాగుందో. కాని ఖజానాలో లేదంటారేమో గుమ్మడికాయల్లో ఉన్న మంత్రిగారు."

రాజు శ్రేష్ఠి వైపు చూశాడు. శ్రేష్ఠి నోరు వదలకుండానే తల గబగబా ఊపాడు. "శ్రేణి పన్ను కడుతుంది" అన్నాడు రాజు. "పెద్దగారు ఎంత తూగితే అంత పన్ను. తీసుకున్న వెండికి సరిసమానంగా."

"ఇది మరీ బాగుంది. ఇక దాలయ్య మామ సంగతి?"

"దాలయ్య ఎక్కడికీ పోనక్కర్లేదు. పల్లకీ ఒక్కటే పోవాలి, అదీ కోటకు."

"బాగుంది మహారాజా."

రాజు సహనం తెగింది. "ఇంకా బాగుందా? అయితే విను. ఇవన్నీ ఇచ్చాం. వీటితో పాటు నీ జీతంలో సగం కోత. చూద్దాం ఇది ఎంత బాగుంటుందో."

సింగమ్మ నవ్వు ఆగింది. ఆమె జీతం మీదే ఇంట్లో నలుగురు తింటారు. ఇప్పుడు ఎదురు చెబితే గంట మోగుతుంది. గంట మోగితే అన్నీ చెల్లుతాయి, కోతతో సహా. ఇదీ బాగుందంటే రాజు కోత మానుకుని ఇంకోటి కలుపుతాడేమో. ఈలోగా ఆయన అన్నదంతా వెనక్కి తీసుకోనూవచ్చు. ఆమె దాలయ్య వైపు చూసింది. బొంగు కింద ఆయన భుజం పుండు రేగి నెత్తురు చిమ్ముతోంది. ఇంకో చుట్టుకు ఆ భుజం ఆగేలా లేదు.

"తగదు మహారాజా" అంది స్పష్టంగా. "చాలా అన్యాయం."

టంగుమంది గంట.

"ఓహోం" అన్నాడు దాలయ్య. "ఓహోం" అన్నారు ఏడుగురూ. పదహారు కాళ్ళు ఒక్కటై పడ్డాయి. పల్లకీ తిన్నగా కోట దారి పట్టింది.

మర్నాడు పొద్దున్న రాజుగారు వేటకు బయల్దేరి పల్లకీ ఎక్కి కూర్చున్నారు. పల్లకీ లేవలేదు. పన్నెండు మంది బోయీలు చుట్టూ గొంతుక్కూర్చుని ఉన్నారు.

"ఏమిటి దాలయ్యా?"

"మేమందరం ఒక మాట అడగాలి దొరా. ఇప్పుడు అడగవచ్చు కదా."

"మళ్ళీ ధాన్యమా?"

"కాదండి. సింగమ్మగారి సగం జీతం."

రాజు తెల్లబోయాడు. "ఆ పిల్ల బోయీ కాదు కదా. మీకేం సంబంధం?"

"నిన్న మా తరఫున మాట్లాడింది. ఇవాళ ఆమె తరఫున మేం కూర్చున్నాం. ఆమె జీతం లేచినప్పుడు పల్లకీ లేస్తుంది."

రాజు పన్నెండు మొహాలూ చూశాడు. పక్కన నిలబడ్డ సింగమ్మను చూశాడు. ఆమెకు ఈ సంగతి తెలియదని ఆ తెరుచుకున్న నోరే చెబుతోంది. మంత్రి చెవిలో ఏదో ఊదబోతే చేత్తో దోమను తోలినట్టు తోలాడు. ముందు పొట్ట కదిలింది, తర్వాత మీసం కదిలింది. చివరికి పల్లకీ కిర్రుకిర్రుమనేలా నవ్వాడు.

"నేను చేసిన ఒక్క శాసనం పోతే రాజ్యం పోతుందనుకున్నాను. పోయింది, అయినా ఇక్కడే కూర్చుని ఉన్నాను. సింగమ్మా, నీ కోత ఎత్తేశాం. పైగా ఏనుగును బావిలోంచి తీసినప్పటినుంచి వస్తున్న జేగంటను, దాని కొయ్యసుత్తితో సహా నీకు బహుమానం ఇచ్చాం. మోగించేది నువ్వే అయినప్పుడు మోసేది ఇంకొకడెందుకు?"

గంటవాడు సంతోషంగా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. వాడి చెయ్యి ఇంకా నొప్పిగానే ఉంది.

ఆ ఏడు శ్రేణి వర్తకులు ఆ పన్నును పెద్దగారి వెండితోనే కట్టించారు. అప్పటినుంచి ఆయన తినాలో మానాలో తేల్చుకోలేక పులిహోర పళ్ళెం ముందు కూర్చుని గంటల తరబడి ఆలోచించేవాడని చెప్పుకుంటారు.

"మహారాజా, చాలా సంతో..." అనబోయి సింగమ్మ నాలుక కరుచుకుంది. ఆమె సంతోషమంటే గంట మోగదు కదా. రాజు కనుబొమలు ఎగరేసి చూస్తున్నాడు.

"తగదు మహారాజా" అంది సింగమ్మ. "నాకు ఇవేవీ వద్దు."

అని, సుత్తి ఎత్తి తనే గంట కొట్టుకుంది.